నోరు మెదపని పూట

నీడ తరిగిపోతోంది. ఇందాక పాదాలు దాటి అవతలిదాకా ఉన్నది ఇప్పుడు మోకాళ్ళ దగ్గరికి వచ్చేసింది, వెనక్కి జరుగుదామంటే వెనక కచేరీ గోడ, పక్కకి జరుగుదామంటే పక్కన మనిషి, ఆ మనిషి పక్కన మరో మనిషి, ఊరు ఊరంతా గోడ వారగా వచ్చి కూర్చుంది, ఇంతమంది ఒకచోట చేరి కిక్కురుమనకుండా ఉండడం తను పుట్టి బుద్ధెరిగి చూడలేదు, చావింట్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. మిగతావాళ్ళకి మాట్లాడడం ఒక పని, చేస్తే చేస్తారు, మానేస్తే మానేస్తారు, తనకి అది ఊపిరి. చిన్నా పెద్దా అందరూ గొణుగుడు బాబాయ్ అని పిలిచేది ఊరికే కాదు, నిద్రలో కూడా గొణుగుతాడని భార్య పెళ్ళయిన కొత్తలోనే పుట్టింటికి వెళ్ళి చెప్పేసింది, ఆ పుట్టిల్లు నాలుగిళ్ళ అవతలే కావడంతో తెల్లారేసరికి ఊరంతా పాకింది. అలాంటివాణ్ణి తీసుకొచ్చి వేలంపాట అయ్యేదాకా నోరు మెదపొద్దంటే ఎలా, చేపని గట్టు మీద కూర్చోబెట్టి బుద్ధిగా ఉండమన్నట్టు. అందుకే కండువా కొస ఉండచుట్టి నోట్లో కుక్కుకుని పళ్ళతో నొక్కి పట్టాడు. గుడ్డ తడిసిపోయింది, చెమట ఉప్పదనం గొంతులోకి దిగుతోంది, మాట మాత్రం లోపల ఆగడం లేదు, ఆగదు, బందెలదొడ్డి తడిక సందులోంచి తన ఎద్దుల్లో పెద్దోడు చెవి ఆడించడం కనిపించింది, ఒరేయ్ పెద్దోడా నీళ్ళు పెట్టారట్రా మీకు, అదిగో, అనేయబోయాడు, పళ్ళు మళ్ళీ బిగించాడు.

మాట్లాడొద్దన్నది బావ. భార్యకి సొంత అన్న, ఊరికి పెద్ద దిక్కు, అదిగో గోడ మధ్యలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, ఆయనకేం, ఆయనకి పుట్టుకతోనే మాట పొదుపు. పోయిన నెల పొరుగూళ్ళో శిస్తు కట్టలేదని జప్తు చేసిన పశువుల్ని వేలం వేస్తే ఆ ఊరివాళ్ళు ఏడ్చారు, శాపనార్థాలు పెట్టారు, జప్తుకొచ్చిన అమీను కాళ్ళ మీద పడ్డారు, ఇది రెండో ఈత ఆవు బాబూ, తన్నదు పొడవదు బాబూ, చిన్నపిల్ల కూర్చుని పితికినా కుండెడు పాలిస్తుంది బాబూ అని ఒకావిడ మొత్తుకుంటే పశువుల వర్తకుడు ఓహో అలాగా అని ముందు ఆ ఆవునే పాడుకున్నాడు. ఏడుపులోనే సరుకు గుణమంతా చెప్పేసుకున్నారు పాపం. అది విని వచ్చిన రాత్రి బావ అందర్నీ కూర్చోబెట్టాడు. “మనకి తుపాకుల్లేవు, వకీళ్ళు లేరు. మన పశువు సంగతి మనకి తెలుసు, వాళ్ళకి తెలీదు. మన చేతిలో ఉన్నది అదొక్కటే. పేరు చెప్పొద్దు, ఈత చెప్పొద్దు, అదిలించొద్దు, ఏడవొద్దు. పళ్ళు చూస్తే ఈడు తెలుస్తుంది గానీ గుణం తెలీదు. గుణం తెలీని పశువుని ఎవడు కొంటాడు? ఎవడూ కొనకపోతే మేపలేక వాళ్ళే వదిలేస్తారు” అన్నాడు. మాట తప్పినవాడితో మళ్ళీ పంట ఇంటికొచ్చేదాకా ఊళ్ళో ఎవ్వరూ పలకకూడదు, కట్టుకున్నదైనా కన్నదైనా పలకకూడదు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరూ చేతులెత్తారు. తనూ ఎత్తాడు, ఎత్తుతూనే ఏదో గొణిగాడు, అందరూ గొల్లుమన్నారు. బావ మాత్రం నవ్వకుండా, “ముఖ్యంగా నువ్వు” అన్నాడు.

ముఖ్యంగా నువ్వట. సరే. అలసటగా ఉంది. ఇది ఈ పూట కూర్చుంటే వచ్చిన అలసట కాదు, ఈ ఏటిది కూడా కాదు, ఎముకల్లో ఎప్పట్నుంచో ఉంది, ఇవాళ పని లేక కూర్చోబెట్టేసరికి తెలుస్తోంది. శిస్తు కట్టనని భీష్మించుకోవడం తనకేమైనా సరదానా. తాత కట్టాడు, తండ్రి కట్టాడు, వాన పడ్డ ఏడు పండించి కట్టారు, పడని ఏడు అమ్ముకుని కట్టారు, తిట్టుకుంటూ కట్టారు గానీ కట్టారు. తనూ కట్టేవాడే, ఆ కాలవ రాకపోతే. సముద్రాలు దాటి వచ్చిన దొరలు మన కోసం కాలవ తవ్విస్తున్నారంటే ఊరంతా సంబరపడింది, తనూ వెళ్ళి మట్టి మోశాడు. తీరా చూస్తే కాలవ పల్లంలో, పొలం మెరక మీద. నీళ్ళు కళ్ళకి కనిపిస్తాయి, చేనుకి ఎక్కవు. అయినా సరే కాలవ పక్కనుంచి పోయింది కాబట్టి మీ మెట్ట ఇకనుంచి మాగాణి అన్నారు, శిస్తు రెట్టింపు అన్నారు. నీళ్ళెక్కడం లేదు బాబూ అంటే అది కాలవ తప్పు కాదు, నీ పొలమే ఎత్తుగా ఉంది అన్నారు. తనేమన్నా పొలాన్ని మోసుకెళ్ళి పైన పెట్టాడా. ఆ కొలతల రోజు ఇంకా కళ్ళ ముందే ఉంది, గొలుసు ఆ కొస కాస్త పట్టుకోవయ్యా అని కొలిచేవాడు మర్యాదగా అడిగాడు, పట్టుకున్నాడు, బిగించవయ్యా అన్నాడు, బిగించాడు, గట్టు మలుపు దగ్గర గొలుసు వదులైతే ఎవరూ చెప్పకుండానే సర్ది లాగాడు కూడా. గట్టు మీద నిలబడి చూస్తున్న భార్య, మన మెడకి మనమే కొలతిచ్చుకుంటున్నామా అంది. ఏం చేస్తాడు, పని చేసే చేతులు ఏదన్నా అందిస్తే పట్టుకుంటాయి, ఎందుకు పట్టుకున్నావని తరవాత అడిగితే వాటికేం తెలుసు.

భార్య పక్కనే ఉంది. గోడ మూల తిరిగే చోట మగవాళ్ళ వరసలో ఆఖరివాడు తను, మూలకి అవతల ఆడవాళ్ళ వరస మొదలయ్యేది ఆమెతోనే. ఆమె తరవాతి ఆడమనిషి కాస్త ఎడంగా, చెట్టు నీడ చూసుకుని కూర్చుంది, ఈమె మాత్రం తడిక సందులోంచి ఎద్దులు కనిపిస్తాయని ఎండలోనే చతికిలబడింది. ముఖం కనిపించదు, గోడ అడ్డం, కాలి వేళ్ళు కనిపిస్తున్నాయి, బొటనవేలితో మట్టిని గీరుతోంది. కోపమొచ్చినా దిగులొచ్చినా అదే అలవాటు. జప్తుకి వచ్చిన రోజు కూడా గుమ్మంలో నిలబడి అలాగే గీరింది, ఒక్క మాట అనలేదు, అమీను మనుషులు పలుపులు విప్పుతుంటే చిన్నోడి మెడకింద చెయ్యి పెట్టి నిమిరి వదిలేసింది, తరవాత రెండ్రోజులు పొయ్యి సరిగా వెలిగించలేదు. ఆమెకి ఎద్దులంటే ప్రాణం, మొగుడంటే ఏమిటో చెప్పడం కష్టం, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నీ గొణుగుడు వినలేక చస్తున్నాను అని మాత్రం రోజుకోసారి తప్పకుండా చెబుతుంది.

ఆ గొణుగుడు లేకపోతే ఎద్దులు అడుగు వెయ్యవు మరి. పెద్దోడు వలపట, చిన్నోడు దాపట, రెండూ తన చేతి కిందే కోడెలుగా కాడి మోయడం నేర్చుకున్నాయి, నేర్పినన్నాళ్ళూ తను గొణుగుతూనే ఉన్నాడు, అవి ముల్లుకర్ర ఎరగవు, చర్నాకోల ఎరగవు, గొణుగుడు మొదలైతే నడుస్తాయి, ఆగితే ఆగుతాయి. జ్వరమొచ్చి గొంతు పోయిన ఏడాది నాగలి కట్టి పొద్దెక్కేదాకా చాలులో అలాగే నిలబడ్డాయి, అన్నం తెచ్చిన భార్య అది చూసి, మనిషికి పట్టిన రోగం గొడ్లకి కూడా అంటించావు అని తిట్టింది. రోగం కాదే, పాట. వానేమో రాదు, కాలవేమో ఎక్కదు, శిస్తేమో ఆగదు, కూరలో ఉప్పేమో ఉండదు, పదండ్రా నాయనా, మనకెవరున్నారు, పదండి. ఉప్పు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె గట్టు మీద ఉంటే గొంతు తగ్గించేవాడు. వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలీదంటారు గానీ శిస్తు రాకడ మాత్రం అందరికీ తెలుసురా పెద్దోడా అంటే ఆ ఎద్దు తల ఊపేది, ఈగలకే ఊపిందేమో, తనకైతే ఒప్పుకున్నట్టే ఉండేది. తన మాట అడ్డు చెప్పకుండా విన్నవి ఈ లోకంలో ఆ రెండే.

బంట్రోతు మళ్ళీ కేక వేశాడు. నల్ల గేదె, ఒకటోసారి, రెండోసారి. ఎవరూ పలకలేదు. పొరుగూళ్ళో పాడుకున్న ఆ వర్తకుడే గేదె చుట్టూ తిరిగాడు, పొదుగు తట్టాడు, గోడ వైపు తిరిగి “ఎన్నో ఈతమ్మా ఇది?” అని తియ్యగా అడిగాడు. గోడ పొడుగునా కళ్ళు నేల చూశాయి. పక్కింటి వదిన ఆవుని తెచ్చారు, మొగుడు పోయాక ఆమెకున్న ఆధారమంతా ఆ ఆవే, పిండేవాళ్ళు లేక పొదుగు బిగదీసుకుపోయి అరుస్తోంది, వదిన కొంగు రెండు చేతులతో నోటికి అదుముకుని ఊగుతోంది తప్ప మాట లేదు. వరండాలో కుర్చీ వేసుకున్న దొర ఆవలించాడు, మన భాష రానివాడికి కూడా ఈ ఊరుకోవడం బాగానే అర్థమైనట్టుంది, అమీనుతో ఏదో విసుగ్గా అన్నాడు, అమీను చెమట తుడుచుకున్నాడు. వర్తకుడు చెప్పులు దులుపుకున్నాడు. “మూగనోము పట్టిన ఊరు. ఏది తన్నేదో, ఏది వట్టిపోయిందో ఎలా చచ్చేది? నాకొద్దండీ” అన్నాడు. గోడ వారగా ఊపిరి కదిలింది, చప్పుడు కాదు, ఊపిరే, బావ కళ్ళు తెరిచాడు, గెలుస్తున్నామా, నిజంగానే, ఉత్త నోరు మూసుకుని, తన జన్మలో ఎవరి మీదా దేని మీదా గెలిచింది లేదు, ఇలా ఉంటుందా గెలవడం, ఇంత నీరసంగా, ఇంత దాహంగా.

వెళ్ళబోతూ వెళ్ళబోతూ వర్తకుడు ఎద్దుల జత ముందు ఆగాడు. మూపురాలు చూశాడు, గిట్టలు చూశాడు. “చూపులకి బానే ఉన్నాయి. లాగుతాయో లేదో చూద్దాం” అని తన బండివాణ్ణి పిలిచాడు. ఆవరణలో గోడ బాగుకి తెచ్చిన రాళ్ళబండి ఉంది, దానికి కట్టారు. కాడి మెడకి పెట్టే పద్ధతే తప్పు, పెద్దోడికి పాత పుండు ఉన్నచోట ఒత్తుకుంటుంది, అక్కడ కాదురా, కొంచెం వెనక్కి, పళ్ళ మధ్య గుడ్డ కరకరలాడింది. బండివాడు అదిలించాడు. ఎద్దులు నిలబడ్డాయి. తోక మెలిపెట్టాడు. నిలబడ్డాయి. చర్నాకోల తీశాడు. ఆ చప్పుడు ఎరగని పశువులు, మొదటి దెబ్బకి అదేమిటో తెలీక చుట్టూ చూశాయి, రెండో దెబ్బకి పెద్దోడు గోడ వైపు తల తిప్పాడు, వెతుకుతున్నాడు, నన్నే, ఇటు చూడకురా, నేను లేను అనుకో, ఊళ్ళోనే లేననుకో. అను, ఒక్కసారి అను, పదండ్రా అంటే చాలు, దెబ్బలాగుతాయి. అంటే లాగుతాయి, లాగితే అమ్ముడవుతాయి. అనకపోతే కొడతాడు, కొట్టి కొట్టి విసిగిపోతాడు, వదిలేస్తాడు, మనవి మనకొస్తాయి, పసుపు పెడితే దెబ్బలు మానతాయి. మానతాయా. ముఖ్యంగా నువ్వు అన్నాడు బావ. చిన్నోడి వీపు మీద చర్మం లేచింది. పెద్దోడు ముందుకాళ్ళ మీద కూలబడ్డాడు, మోకాళ్ళు రాతినేలకి కొట్టుకున్న చప్పుడు ఇక్కడిదాకా వచ్చింది, బండివాడు వంగి మళ్ళీ చెయ్యెత్తాడు, దవడలు నొప్పెడుతున్నాయి, కళ్ళు మూసుకుంటే బాగుండును, మూసుకుంటే వినిపిస్తుంది, చెవులకి కండువా ఎక్కడిది.

వానేమో రాదు, కాలవేమో ఎక్కదు.

ఐపోయింది, అనేశాను, అనుకున్నాడు. ఇంతసేపూ పట్టి పట్టి చివరికి జారిపోయింది, వదినకేం చెప్పను, బావకేం చెప్పను. నాలుకతో తడుముకున్నాడు. గుడ్డ ఉంది. పళ్ళు దాని మీదే ఉన్నాయి. అయినా గొణుగుడు సాగుతోంది, శిస్తేమో ఆగదు, తన విరుపే, తన సాగదీతే, తను ఊపిరి పీల్చుకునేచోటే పీల్చుకుంటోంది, గొంతు మాత్రం తనది కాదు. కొంగు అడ్డం పెట్టుకున్న గొంతు. గోడ మూలకి అవతల బొటనవేలు మట్టిని గీరడం మానేసింది. కూరలో ఉప్పేమో ఉండదు, అక్కడ గొంతు వణికింది గానీ ఆగలేదు. అంటే తెలుసన్నమాట, ఇన్నేళ్ళూ వినలేక చస్తున్నానంటూనే ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నదన్నమాట, తిట్టింది కూడా వదలకుండా దాచుకుంది. పదండ్రా నాయనా, మనకెవరున్నారు. పెద్దోడు లేచాడు. మెడ వంచాడు, చిన్నోడు పక్కన కలిశాడు, ఇద్దరూ ఒక్క ఊపులో రాళ్ళబండిని ఆవరణ అవతలికి లాక్కుపోయారు. ఆవు అరుపుల్లో ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలీలేదు, మాటలు మాత్రం ఊరందరికీ తెలిసినవే, అవి ఈ మూల నుంచే వచ్చాయి. గోడ పొడుగునా తలలు ఇటు తిరగడం మొదలైంది. అవి పూర్తిగా తిరిగేలోపు నోట్లోంచి కండువా లాగి ఒళ్ళో పడేసుకున్నాడు.

“అదిరా సంగతి” అన్నాడు వర్తకుడు, ముఖం చేటంత చేసుకుని. “నోరు మూసుకున్నారంటే సరుకు మంచిదన్నమాట.” ఇక అడగడం మానేశాడు. ఎద్దుల్ని పాడుకున్నాడు, నల్ల గేదెని పాడుకున్నాడు, వదిన ఆవుని పాడుకున్నాడు, పోటీ ఎవరూ లేకపోవడంతో కారుచవగ్గా దొడ్డి సగం ఖాళీ చేశాడు. దొర లేచి లోపలికి వెళ్ళాడు. ఆవు గేటు దాటుతుంటే వదిన కొంగు వదిలేసి తన వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని, ఎంత పెద్ద తిట్టయినా సరేనని అతనికి అనిపించింది. బావ గోడ వెంబడే నడిచి వచ్చాడు, నడకలో ఇవాళే ముసలితనం కనిపిస్తోంది.

“నువ్వేనా?”

“నేనే బావా. ఆపుకోలేకపోయాను.”

“తెలుసు. నీ వల్ల కాదని నాకు ముందే తెలుసు.”

అబద్ధం ఎంత సులువుగా నమ్మారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. జన్మలో మొదటిసారి నోరు కట్టుకున్న పూట, దవడలు పట్టేసిన పూట, నీ వల్ల కాదని తెలుసు. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఏదీ బయటికి రాలేదు. “నేను నీతో పలికే ఆఖరి మాట ఇదే” అని బావ వెనక్కి తిరిగాడు. పంట ఇంటికొచ్చేదాకా కదా. ఎద్దులే లేనప్పుడు దున్నేదెప్పుడు, పంటొచ్చేదెప్పుడు, ఆ లెక్క బావకీ తెలుసు. జనం లేచి బట్టలు దులుపుకుని అతని పక్కనుంచి నడిచారు, రాయి పక్కనుంచి వెళ్ళినట్టు.

గేటు దగ్గర ఎద్దులు మళ్ళీ ఆగిపోయాయి. బండివాడు చర్నాకోల ఎత్తాడు. అతను లేచాడు, కాళ్ళు తిమ్మిరెక్కి తూలుతూనే వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాడు.

“కొట్టకు. గొణుగు.”

“ఏమని?”

“ఏదైనా సరే. నీ కష్టమేదన్నా ఉంటే అది చెప్పు.”

బండివాడు ఎండకి నల్లబడ్డ ముఖం తుడుచుకున్నాడు. “ఎక్కణ్ణించి మొదలెట్టమంటావు పెద్దాయనా” అన్నాడు. ఆ తరవాత చర్నాకోల చంకలో పెట్టుకుని తక్కువ గొంతుతో ఏదో మొదలుపెట్టాడు, కూలి సంగతి, తల్లి మందుల సంగతి, సగం వినిపించి సగం వినిపించలేదు. పెద్దోడు చెవి ఆడించాడు. ఇద్దరూ అడుగేశారు. గేటు దాటారు, మలుపు దాటారు, వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తాయనుకున్నాడు. గొణిగేవాడుంటే చాలు కాబోలు వాటికి. ఇన్నేళ్ళ అలసటా ఒక్కసారి కాళ్ళలోకి దిగింది, అక్కడే గేటు పక్కన కూర్చుండిపోయాడు.

భార్య వచ్చి ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అన్నయ్యకి చెప్పేస్తాను” అంది.

“పిచ్చా నీకు? చెప్తే నీతో కూడా ఎవ్వరూ పలకరు.”

“ఇప్పుడు మాత్రం? నీతో పలకనని నేనూ చెయ్యెత్తాను కదా.”

ఆ సంగతి అతనికి తట్టనేలేదు. వదినా బావా ఊరూ అన్నీ తట్టాయి, ఇంటికెళ్ళాక ఎదురెదురుగా కూర్చుని అన్నం తినే ఈ మనిషి కూడా మాట్లాడకూడదన్నది తట్టలేదు. ఆమె మాట్లాడని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించబోయాడు, ఊహ రాలేదు, భయం వచ్చింది.

“నాతో పలికితే తప్పు నీ మీదికొస్తుంది. నేను మగాణ్ణి, ఎలాగోలా పడతాను” అన్నాడు, తనకే నమ్మకం లేకుండా.

“నువ్వా? ఒక్క పూటకే సగం చచ్చావు.” ఆమె కొంగు విదిలించి నడుముకి దోపుకుంది. “ఆవు పోయిన వదిన ముఖం నేను చూశాను. ఆమెకి చెప్పాల్సింది నేను, నువ్వు కాదు. నేను గొణిగానని నాతో, నాతో పలికావని నీతో, ఊరు మన ఇద్దరితోనూ పలకదు, పలక్కపోతే పోనీ. మనమిద్దరం మాట్లాడుకుంటే కాదనేవాళ్ళెవరు?”

ఆపుదామని నోరు తెరిచాడు. ఆమె అప్పటికే ఎండలోకి దిగి, ఇంటిదారి పట్టిన జనం వైపు గబగబా నడుస్తోంది. “అన్నయ్యా, ఆగు” అని పిలిచింది, గట్టిగా, అందరికీ వినపడేలా.